అమ్మాయి కాలేజీకి ఓ పాత కారు

ఈ మధ్య మా డాలస్ తెలుగు మిత్రుల్లో ఎవర్ని కదిపినా ఒకటే గోల. 2000 ప్రాంతాల్లో తలా రెండు సూట్‌కేసులతో దిగిన బ్యాచ్ కదా మాది, పిల్లలందరూ ఇంచుమించు ఒకేసారి కాలేజీకొచ్చారు. అడ్మిషన్ల హడావిడి అయిపోగానే రెండో హడావిడి మొదలు. కారు! కొత్తదా, పాతదా, ఎంత పెట్టాలి, ఏది కొనాలి... ప్రశ్న పూర్తిగా అడగకముందే పదిమంది నోటా ఒకటే మంత్రం: "టొయోటా గానీ హోండా గానీ కొను, కళ్ళు మూసుకుని కొను."

ఈ మంత్రంలో మొదటి సగంతో నాకు పెద్దగా పేచీ లేదు. రెండో సగంతోనే నా గొడవంతా.

ఆ మంత్రం ఎక్కణ్ణుంచి వచ్చిందో మనందరికీ తెలుసు. మనం వచ్చిన కొత్తల్లో ఒక అపార్ట్‌మెంట్లో నలుగురం ఉంటే నలుగురికీ కలిపి ఒక పాత కామ్రీయో, అకార్డో ఉండేది. దాని మీదే అందరూ డ్రైవింగ్ నేర్చుకుని, దాన్నే పరీక్షకి తీసుకెళ్ళి, ప్రాజెక్టు మారినప్పుడు తర్వాత వచ్చినవాడికి అమ్మేసి పోయేవాళ్ళం. ఆయిల్ మార్చిన పాపాన పోకపోయినా అవి తిరిగాయి. కాబట్టి బ్రాండు మీద గురి కుదిరింది. ఒక విషయం మాత్రం గమనించాలి. ఆ కారు మనకి తెలిసిన కారు. ఏ రూమ్మేటు దాన్ని ఎక్కడ గుద్దాడో, ఎయిర్ కండిషనర్ ఎప్పట్నించి మూలుగుతోందో అన్నీ తెలిసే కొన్నాం. మనం నమ్మింది సగం టొయోటాని, సగం రూమ్మేటుని. ఇప్పుడు ఆ రూమ్మేటు లేడు, బ్రాండు ఒక్కటే మిగిలింది.

నేను చెప్పొచ్చేదేమిటంటే, పాతకార్ల దగ్గర నమ్మకం అనేది బ్రాండు గుణం కాదు, మీ ఎదురుగా నిలబడి ఉన్న ఆ ఒక్క కారు గుణం. మన ఫీల్డులోనే చూడండి. ఒకే ఫ్రేమ్‌వర్కు మీద రాసిన రెండు ప్రాజెక్టులుంటాయి. ఒకటి పదేళ్ళైనా కిక్కురుమనకుండా నడుస్తుంది, రెండోదానికి ప్రతి శుక్రవారం రాత్రీ ఎవడో ఒకడు లేచి కూచోవాలి. తేడా ఫ్రేమ్‌వర్కులో ఉందంటారా? దాన్ని ఎవరు ఎలా చూసుకున్నారన్న దాంట్లో ఉందంటారా?

2025 వేసవిలో మా అమ్మాయికి కారు వెతికిన పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. నేను మెకానిక్కుని కాను, రోజూ లాగ్ ఫైళ్ళు చదువుకునే మామూలు ఇంజనీర్ని. అయితే ఈ పనికి అది బాగానే అక్కరకొచ్చింది.

అన్నిటికన్నా ముందు, అసలు కారు అవసరమా? ఇది మొహమాటం లేకుండా అడగాల్సిన ప్రశ్న. చాలా చోట్ల ఫస్టియర్ వాళ్ళకి పార్కింగ్ పర్మిట్టే దొరకదు. కారు లేకుండా వంద మైళ్ళకి పైన దూరంలో చదువుకునే పిల్లలకి చాలా ఇన్సూరెన్సు కంపెనీలు తగ్గింపు కూడా ఇస్తాయి. కొనకపోవడమే అన్నిటికన్నా చవక. మా అమ్మాయి చేరింది కాలేజ్ స్టేషన్లో. అక్కడ ఫస్టియర్ వాళ్ళకీ పర్మిట్ ఇస్తారు. ప్లేనోలో మా ఇంటి నుంచి దాదాపు 200 మైళ్ళు. ఏ దారిన వెళ్ళినా పెద్ద హైవే దాటాక చీకటి రోడ్లే, లేళ్ళు అడ్డమొచ్చే రోడ్లు. నెలకోసారి ఇంటికి రావాలని వాళ్ళమ్మ పట్టు. మొదటి ఏడాది బస్సుల్లోనో, ఫ్రెండ్స్ కార్లలోనో రావచ్చు కదా అని నేను, "ఆ ఫ్రెండు ఎలా నడుపుతాడో మనకేం తెలుసండీ" అని మా ఆవిడ. ఈ పాయింటుకి నా దగ్గర జవాబు లేదు. కొనడానికే నిశ్చయమైంది. బడ్జెట్ 10,500 డాలర్లు. అందులో 1,500 పక్కన పెట్టి, మిగతాదే కారుకి. పాతకారు కొన్న మొదటి నెలలోనే టైర్లో, బ్యాటరీయో, బ్రేకులో ఏదో ఒకటి అడుగుతుంది. ఉన్నదంతా కారుకే పెట్టేస్తే ఆ రిపేర్లు "వచ్చే నెల చూద్దాం" లోకి పోతాయి.

రెండోది సైజు. మా ఆవిడకి ట్యాంకు లాంటి ఎస్‌యూవీ కావాలి, అమ్మాయికి ఎక్కడైనా పార్క్ చేసుకోగలిగే బుల్లి కారు కావాలి. ఇద్దరూ చెరో సగం రైటు. రోడ్డు భద్రత మీద పనిచేసే ఐఐహెచ్ఎస్ అనే సంస్థ, కన్స్యూమర్ రిపోర్ట్స్‌తో కలిసి టీనేజర్లకి తగిన పాతకార్ల జాబితా ఒకటి ఇస్తుంది. ఉచితమే. అందులో మరీ చిన్న కార్లుండవు, మరీ పెద్ద బండ్లూ ఉండవు. గుర్రాల బలం ఎక్కువున్న ఇంజన్లు కుర్రాళ్ళకి వద్దంటారు. చిన్నకారు పెద్దదాన్ని గుద్దుకుంటే ఎవరికి దెబ్బ తగులుతుందో ఇంటర్మీడియట్ ఫిజిక్సు చాలు చెప్పడానికి. మరీ పెద్దదైతే కొత్త చేతులకి ఆపడం, తిప్పడం కష్టం. ఇంకో ముఖ్యమైన గీత 2012 మోడల్. కారు జారినప్పుడు దానంతటదే సర్దుకునే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ అమెరికాలో ఆ మోడల్ సంవత్సరం నుంచి తప్పనిసరి అయింది. అంతకు ముందు కార్లలో కొన్నిటికి ఉంటుంది, కొన్నిటికి ఉండదు. కాబట్టి మా వెతుకులాట: 2012 తర్వాతది, మధ్యరకం సెడాన్, నాలుగు సిలిండర్లు. "సెడానా! అంకుల్స్ కారు" అంది అమ్మాయి. డబ్బులు అంకుల్‌వే కదా మరి :)

మూడోది, ఏ బ్రాండులో ఏ ఏళ్ళు వద్దు అన్నది. ఇక్కడే కళ్ళు మూసుకునే మంత్రం తేలిపోతుంది. 2007 నుంచి 2009 దాకా వచ్చిన నాలుగు సిలిండర్ల కామ్రీల్లో ఆయిల్ తాగే జబ్బుంది, కంపెనీయే తర్వాత వారంటీ పొడిగించింది. 2006-08 సివిక్కుల్లో కొన్నిటికి ఇంజన్ బ్లాకు పగుళ్ళొచ్చి, హోండా కూడా అదే పని చేసింది. అంటే టొయోటా, హోండా చెడ్డవని కాదు, ఏడాది చూసుకోమని. 2012-16 ఫోర్డ్ ఫోకస్ ఆటోమేటిక్కుల గేర్‌బాక్సు కథ కోర్టుల దాకా వెళ్ళింది. 2010ల మధ్యలో వచ్చిన నిస్సాన్ సీవీటీలదీ అదే దారి. 2011 నుంచి కొన్నేళ్ళ పాటు హ్యుందయ్, కియా ఇంజన్లకి వరసగా రీకాల్సు. పైగా 2011-2022 మధ్య తాళంచెవి తిప్పి స్టార్ట్ చేసే వాటి మోడళ్ళు చాలావాటికి ఇమ్మొబిలైజర్ లేదు. 2022లో కుర్రాళ్ళు వీడియోలు చూసి మరీ వాటిని ఎత్తుకుపోయారు. 2023లో కంపెనీలు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఇచ్చాయి. అది వేయించారో లేదో అడక్కుండా ఆ కార్లు కొనకండి, ముఖ్యంగా బయట పార్కింగ్ లాట్లో పడుకోబోయే కారైతే.

ఏ కారైనా సరే, 17 అక్షరాల విన్ నంబరు తీసుకుని ప్రభుత్వ సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్ఏ సైట్లో కొట్టండి. రిపేరు చేయించకుండా వదిలేసిన రీకాల్సు చూపిస్తుంది, పైసా ఖర్చు లేదు. ఇది లాంఛనం అనుకోవద్దు. తకాటా ఎయిర్‌బ్యాగులు అమెరికాలో దాదాపు 6.7 కోట్లు రీకాల్ అయ్యాయి. వేడికీ తేమకీ అందులో మందు పాడై, పేలినప్పుడు ఇనప ముక్కలు మొహం మీదికొస్తాయి. మన టెక్సస్ లాంటి చోట ఏళ్ళ తరబడి ఎండలో నిలబడ్డ కార్లకే ఆ ప్రమాదం ఎక్కువ. రీకాల్ రిపేరు డీలర్ దగ్గర ఉచితం.

నాలుగోది, మన రాష్ట్రంలో మారిన సంగతి. టెక్సస్‌లో మామూలు కార్లకి ఏటేటా జరిగే సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ 2025 జనవరి 1 నుంచి ఎత్తేశారు. కాలిన్, డాలస్, డెంటన్, టారంట్ లాంటి కౌంటీల్లో పొగ పరీక్ష మాత్రం ఉంది. పదిహేను నిమిషాల పని తప్పిందని అందరం సంబరపడ్డాం గానీ, పాతకారు కొనేవాడికి దీని అర్థం ఏమిటంటే అరిగిన టైర్లూ బ్రేకులూ ఏడాదికోసారైనా చూసే మూడో మనిషి ఇప్పుడు లేడు. ఆ మూడో మనిషి మీరే అవ్వాలి, లేదా డబ్బిచ్చి పెట్టుకోవాలి.

ఇక అసలు కథ. వడపోత అయ్యాక రెండు కార్లు మిగిలాయి.

మొదటిది 2014 కామ్రీ. 84,000 మైళ్ళు, ఓ చిన్న డీలరు లాట్లో, 11,500 డాలర్లు. బేరమాడితే దిగుతుందని నా లెక్క. అద్దంలా మెరిసిపోతోంది. హిస్టరీ రిపోర్టు శుభ్రం. మా వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టగానే పదకొండు బొటనవేళ్ళు లేచాయి. మా బావమరిదైతే "బావగారూ, ఆలోచించకండి, టోకెన్ ఇచ్చేయండి" అని ఫోన్ చేశాడు.

మేం వెళ్ళేసరికి ఇంజన్ వేడిగా ఉంది. ఉదయం పదింటికి వస్తామని చెప్పిన కారు అప్పటికే వేడిగా ఎందుకుందీ? చల్లటి ఇంజన్ స్టార్టయ్యేటప్పుడే దాని రోగాలు వినిపిస్తాయి, పొగ కనిపిస్తుంది. వేడి చేసి ఉంచితే అవన్నీ దాక్కుంటాయి. సరే, కాకతాళీయం అనుకుందాం. నా దగ్గర ఇరవై డాలర్ల బ్లూటూత్ ఓబీడీ రీడర్ ఉంది. 1996 తర్వాత ఇక్కడ అమ్మిన ప్రతి కారుకీ స్టీరింగ్ కింద ఒక పోర్టు ఉంటుంది, అందులో గుచ్చి ఫోన్లో చూసుకోవడమే. అమ్మాయే గుచ్చింది. "కోడ్స్ ఏం లేవు నాన్నా" అంది సంతోషంగా.

"కింద రెడీనెస్ మానిటర్లు చూడమ్మా" అన్నాను.

"ఐదు నాట్ రెడీ అంటోంది. అంటే?"

అంటే, ఎవరో ఈమధ్యే కోడ్లు చెరిపేశారన్న మాట. కారు కంప్యూటరు తన భాగాల్ని తానే పరీక్షించుకుంటూ ఒక్కో పరీక్షా పూర్తయినట్టు గుర్తు పెట్టుకుంటుంది. ఎర్రర్లు చెరిపేస్తే ఆ గుర్తులూ పోతాయి. మళ్ళీ నిండాలంటే కొన్ని రోజులు నడపాలి. డెమోకి పది నిమిషాల ముందు లాగ్ ఫైలు డిలీట్ చేసి "ఒక్క ఎర్రరూ లేదు సార్" అన్నట్టే. మన ఇండస్ట్రీలో ఇది కొత్తేం కాదు కదా :)

న్యాయంగా చెప్పాలంటే, బ్యాటరీ మార్చినా ఇవి చెరిగిపోతాయి. అమ్మేవాడు అదే చెప్పాడు. అయుండొచ్చు. "అయితే నాలుగు రోజులు మీరే నడపండి, శనివారం వచ్చి మళ్ళీ చూస్తాం, అన్నీ రెడీ అని వస్తే అప్పుడే బేరం తేలుద్దాం, ముందు మా మెకానిక్‌కి కూడా చూపిస్తాం" అన్నాను. కుదరదన్నాడు. కారు చెడ్డదని నేను రుజువు చెయ్యలేదు, చెయ్యాల్సిన అవసరమూ లేదు. మంచిదని రుజువు చేసుకునే వీలు వాడు ఇవ్వలేదు. అది చాలు.

రెండోది 2015 మజ్దా 6. డెంటన్లో ఒక రిటైర్డ్ టీచరు గారిది, 96,000 మైళ్ళు. టాపు మీదా బానెట్ మీదా వడగళ్ళ సొట్టలు, ఎవరో గోలీలాడినట్టు. 9,600 అడిగారు. చూడ్డానికి కామ్రీ ముందు దిగదుడుపే. కాకపోతే ఆవిడ గ్లవ్ బాక్సులోంచి ఒక ఫోల్డరు తీసి ఇచ్చారు. కొన్నరోజు నుంచి ప్రతి ఆయిల్ మార్పు రసీదూ తేదీ, మైలేజీతో సహా. గేర్‌బాక్సు ఆయిలు ఎప్పుడు మార్చారు, కూలెంట్ ఎప్పుడు, బ్రేకులెప్పుడు... మనం టీముల్ని కాళ్ళావేళ్ళా పడి అడిగినా రాయని చేంజ్‌లాగ్ ఆవిడ పదేళ్ళు రాశారు. ఇంజన్ చల్లగా ఉంది. మానిటర్లన్నీ రెడీ. నాలుగు టైర్లూ ఒకే కంపెనీవి. వాటి పక్కన డాట్ కోడు చివర నాలుగంకెలు 1519, అంటే 2019లో పదిహేనో వారంలో తయారైనవి. గీతలు బాగానే ఉన్నా వయసైపోయింది, మార్చాలి. ఆ మాట మేం అనకముందే ఆవిడే చెప్పారు.

మా నాన్న ఖమ్మంలో సెకండ్ హ్యాండ్ చేతక్ కొన్నప్పుడు తెలిసిన మెకానిక్‌ని వెంటబెట్టుకెళ్ళారు. అతనికి టీ, టిఫినూ, పది రూపాయలూ. ఆ పద్ధతికి ఇక్కడ ప్రీ పర్చేజ్ ఇన్‌స్పెక్షన్ అని పేరు. అమ్మేవాళ్ళకి ఏ సంబంధం లేని షాపులో 180 డాలర్లయింది. కారు పైకెత్తి గంటసేపు చూశారు. టైర్లు, బ్యాటరీ, వెనక బ్రేకు ప్యాడ్లు మార్చాలన్నారు. ఇంజన్, గేర్‌బాక్సు, కింది ఫ్రేము బాగున్నాయి, నీళ్ళలో మునిగిన గుర్తులు లేవు. 2017లో హార్వీ తుఫానుకి హ్యూస్టన్ ప్రాంతంలో మునిగిన కార్లు ఎన్నో, ఈ చివరి మాట టెక్సస్‌లో తప్పకుండా అడగాల్సింది. ఆ కాగితం పెట్టుకుని 9,000కి తెంచాం. సొట్టల వల్ల తగ్గిన ధర మాకే లాభం. కారు సొట్టలతో నడవదు కదా.

వాట్సాప్ గ్రూపులో ఈసారి ఒక్క బొటనవేలు లేవలేదు. "మజ్దానా? రీసేల్ ఉండదు అన్నా" అన్నాడొకడు. కాలేజీ పిల్లకిచ్చే పదేళ్ళ కారుకి రీసేల్ ఏమిటి నాయనా!

కాగితాల సంగతి క్లుప్తంగా. అమ్మేవాళ్ళు సంతకం పెట్టిన టైటిల్, 130-యూ ఫారం తీసుకుని కౌంటీ టాక్స్ ఆఫీసుకి వెళ్ళాలి, వీలైతే అమ్మేవాళ్ళతో కలిసే. సేల్స్ టాక్సు 6.25 శాతం, మాకు 562 డాలర్ల 50 సెంట్లు. టాక్సు తగ్గుతుందని టైటిల్ మీద ధర తక్కువేసి రాయమనే సలహాలు వినకండి. రాష్ట్రం దగ్గర ప్రతి కారుకీ ఒక అంచనా విలువ ఉంటుంది, మీరు రాసింది అందులో 80 శాతానికి తగ్గితే ఆ 80 శాతం మీదే వసూలు చేస్తారు. ఇన్సూరెన్సు మాకు నెలకి 180 డాలర్లు పెరిగింది, మంచి మార్కులకిచ్చే తగ్గింపు పోను. టెక్సస్ కనీస కవరేజి 30/60/25తో సరిపెట్టకండి. ఎదుటి మనిషి ఒక్క రాత్రి ఆస్పత్రిలో ఉంటే చాలు, అది హారతి కర్పూరం. పాతకారు మీద మీ సొంత డ్యామేజీ కవరేజి తగ్గించుకున్నా ఫరవాలేదు, అవతలివాళ్ళకి ఇచ్చే కవరేజి మాత్రం తగ్గించొద్దు.

ఇంతవరకూ ఇంటర్నెట్‌లో ఎక్కడైనా దొరుకుతుంది. ఇక నేను నిజంగా నమ్మే మాట. ఈ వెతుకులాటలో అమ్మాయి మొదటి నుంచీ మాతోనే ఉంది. ఓబీడీ గుచ్చింది తను. టీచరు గారికి ఫోన్ చేసి ప్రశ్నలడిగింది తను. మెకానిక్ కారు కింద నిలబెట్టి చూపించింది తనకే. మా ఆవిడకిది నచ్చలేదు. "పరీక్షలు రాసి అలిసిపోయింది, దానికీ గొడవంతా ఎందుకండీ, మీరు చూసి కొనెయ్యండి" అంది. ప్రేమతో అన్న మాటే. మన ఇళ్ళల్లో ప్రేమంటే పిల్లలకి ఏ పనీ తెలీకుండా చెయ్యడమే కదా. ఆడపిల్లకి కారు సంగతులెందుకన్నది ఆ మాట వెనకాల ఇంకో మాట, అది మా ఇంట్లో ఎవరూ పైకనలేదు గానీ గ్రూపులో అన్నారు.

కానీ ఆలోచించండి. రాత్రి తొమ్మిదింటికి ఆ చీకటి రోడ్డు మీద డాష్‌బోర్డులో ఏదో లైటు వెలిగితే, కార్లో ఉండేది నేను కాదు. మా ఆవిడా కాదు. బొటనవేళ్ళు లేపిన పదకొండు మందీ కాదు. పద్దెనిమిదేళ్ళ పిల్ల ఒక్కతే. పసుపు లైటంటే మెల్లగా వెళ్ళి చూపించుకోవచ్చు, ఎర్ర లైటంటే పక్కకి తీసి ఆపెయ్యాలి అన్న ఒక్క ముక్క తెలిసుండటం ఏ బ్రాండు కన్నా గట్టి వారంటీ. ఎంత మంచి కారైనా ఎప్పుడో ఒకప్పుడు ఆగుతుంది. ఆ రోజు ఏం చెయ్యాలో తెలిసిన మనిషి అందులో ఉందా లేదా అన్నదే తేలాల్సింది.

అక్టోబరులో ఒక ఆదివారం వేకో దగ్గర టైర్ ప్రెషర్ లైటు వెలిగింది. ఆ కారు ఏ టైరో చెప్పదు, లైటొక్కటే వేస్తుంది. గ్యాస్ స్టేషన్లో ఆపి, గ్లవ్ బాక్సులో గేజి తీసి నాలుగూ కొలిచింది. మూడు 35 దగ్గర, వెనక కుడిది 22. వంగి చూస్తే మేకు. దగ్గర్లో తెరిచున్న టైర్ షాపు వెతుక్కుని, ప్యాచ్ వేయించుకుని, ఆ తర్వాత మాకు ఫోన్ చేసింది. ముందు కాదు, తర్వాత. మా ఆవిడ ఆ రాత్రి చాలాసేపు పడుకోలేదు. నేనూ అంతే. అయినా కారు గురించి మాత్రం బెంగ లేదు.

ఇప్పుడు నెలకోసారి ఆయిల్ డిప్‌స్టిక్ ఫొటో ఒకటి వాట్సాప్‌లో వస్తుంది, పైన ఏ పలకరింపూ లేకుండా. మేం దాన్నే ఉత్తరం అనుకుంటాం.

మీ పిల్లలకి కొన్నప్పుడు మీరేం చూశారో, ఏ కారు ఎలా నడుస్తోందో చెప్పండి. మావాడు, రెండోవాడు, ఇప్పుడు పదో క్లాసు. వాడికి మస్టాంగ్ కావాలట!